టైరు చెప్పుల పరుగు!

పూలపూల కుచ్చుల లంగా... కాళ్లకు పాత టైరు ముక్కతో చేసుకున్న చెప్పులు... ఆ వేషంతోనే యాభై, అరవై, వంద కిలోమీటర్ల పరుగు పందేలకు వచ్చేస్తారక్కడి ఆడవాళ్లు. ఖరీదైన బూట్లు తొడుక్కున్నవాళ్లను వెనక్కి నెట్టేసి బహుమతులు పట్టుకుపోతారు. మెక్సికోలోని రాగి లోయల్లో బతికే రారామురి మహిళల కథ ఇది. వాళ్ల పాదాలను చూసే పెద్దపెద్ద షూ కంపెనీలు తమ లెక్కల్ని తిరగరాసుకున్నాయి మరి!

2017 ఏప్రిల్ 29. మెక్సికోలోని పుయెబ్లా రాష్ట్రంలో 'సెర్రో రోహో' కొండదారి పరుగు. దూరం 50 కిలోమీటర్లు. పన్నెండు దేశాల నుంచి అయిదొందల మంది దాకా వచ్చారు. అందరి వీపుల మీదా నీళ్ల సంచులు, కళ్లకు చలువ అద్దాలు, ఒంటికి అతుక్కుపోయే దుస్తులు, వేలకు వేలు పోసి కొన్న బూట్లు. వాళ్ల మధ్యలో ఇరవై రెండేళ్ల అమ్మాయి ఒకరు. కుచ్చుల లంగా, తలకు రుమాలు, కాళ్లకు టైరు చెప్పులు. చూసినవాళ్లు ఎవరో చూడ్డానికి వచ్చిన పల్లెటూరి పిల్ల అనుకునే ఉంటారు. ఏడు గంటల మూడు నిమిషాల తర్వాత మహిళల విభాగంలో అందరికన్నా ముందు గీత దాటింది ఆమే!

పేరు మరియా లొరేనా రామిరెస్. ఊళ్లో చేసే పని మేకలూ ఆవులూ మేపడం. వాటి వెంట రోజూ పది పదిహేను కిలోమీటర్లు కొండలెక్కి దిగడమే ఆమె సాధన. శిక్షకుడు లేడు, ప్రత్యేక ఆహారం లేదు. గెలిచినందుకు ఇచ్చింది 6000 పెసోలు. అప్పటి లెక్కన మన డబ్బులో ఇరవై వేల రూపాయలు. మరుసటి ఏడాది స్పెయిన్‌కు చెందిన టెనెరిఫే దీవికి పిలిస్తే అక్కడ 102 కిలోమీటర్లు ఇరవై గంటల పైచిలుకులో పరిగెత్తి తన విభాగంలో మూడో స్థానంలో నిలిచింది. అదే లంగా, అవే చెప్పులు. ఆమె మీద 2019లో నెట్‌ఫ్లిక్స్‌లో ఓ చిన్న డాక్యుమెంటరీ వచ్చింది. అందులో ఎవరో కొత్త బూట్లు కానుకగా ఇస్తే వాటిని చూసి, ఇవి వేసుకుంటానని అనుకోవడం లేదంటుంది. కారణం కూడా చెబుతుంది... ఇవి వేసుకున్నవాళ్లు ఎప్పుడూ నా వెనకే ఉంటారుగా అని!

రాగి లేని రాగి లోయ

లొరేనాను కన్న నేల ఎక్కడో చూడాలంటే మెక్సికో ఉత్తరాన ఉన్న చివావా రాష్ట్రానికి వెళ్లాలి. అమెరికాలోని టెక్సాస్‌కు ఆనుకునే ఉంటుంది. డాలస్‌లోనో హ్యూస్టన్‌లోనో ఉన్న మనవాళ్లకు ఒక రకంగా పొరుగు ఊరే. పడమటి సియెర్రా మాద్రె కొండల్ని నదులు కోసుకుంటూ పోగా ఏర్పడిన లోయలివి. ఒకటి కాదు, ఆరు పెద్ద లోయలు. అన్నిటినీ కలిపి 'బర్రాంకాస్ దెల్ కోబ్రె' అంటారు. అంటే రాగి లోయలు. రాగి గనులున్నాయని కాదు, రాతిగోడల మీది ఆకుపచ్చ ఛాయ రాగి చిలుములా కనిపించి స్పెయిన్ వాళ్లు ఆ పేరు పెట్టారని చెబుతారు. ఇందులోని ఉరీకె లోయ లోతు దాదాపు 1,880 మీటర్లు. ప్రపంచమంతా ఎగబడి చూసే అమెరికా గ్రాండ్ కాన్యన్ కన్నా ఎక్కువే!

అక్కడికి వెళ్లడమే ఓ అనుభవం. లోస్ మోచిస్ నుంచి చివావా నగరం దాకా దాదాపు 650 కిలోమీటర్ల రైలు మార్గం ఉంది. ముద్దుగా 'ఎల్ చేపె' అంటారు. పసిఫిక్ తీరం పక్కనుంచి బయల్దేరి, 37 వంతెనలూ 86 సొరంగాలూ దాటుకుంటూ దాదాపు ఎనిమిది వేల అడుగుల ఎత్తుకు ఎక్కుతుంది. పంతొమ్మిదో శతాబ్దంలో ఎవరికో వచ్చిన ఆలోచన. విప్లవాలూ దివాళాలూ అన్నీ అడ్డొచ్చి చివరికి 1961లో పూర్తయింది. మన అరకు రైలెక్కి కిటికీ పక్క సీటు కోసం పోట్లాడినవాళ్లకు దీని సంగతి వేరే చెప్పనక్కర్లేదు. కాకపోతే ఇక్కడ దాని కన్నా కొన్ని రెట్లు పెద్ద లోయలు!

దారిలో దివిసదేరో అనే స్టేషన్ వస్తుంది. రైలు దిగి నాలుగడుగులు వేస్తే చాలు, కాళ్ల కింద నేల అయిపోతుంది. ఎదురుగా లోయ. అంచున నిలబడితే చలి, దేవదారు చెట్లు, శీతకాలమైతే మంచు. అదే లోయ అడుక్కి దిగితే మామిడి, నారింజ, బొప్పాయి చెట్లు! పైన స్వెట్టరు వేసుకున్నవాళ్లు కింద చెమటలు కక్కుతారు. అందుకే చాలా రారామురి కుటుంబాలు చలికాలం లోయలోకి దిగి, ఎండాకాలం పైకి వచ్చేవి. ఇల్లు మారాలంటే సామాను లారీకెక్కించడం కాదు, నిలువునా ఉన్న కాలిబాట ఎక్కడం. పక్కింటికి వెళ్లాలన్నా ఓ కొండ దిగి ఇంకో కొండ ఎక్కాల్సిందే. స్పానిష్ వాళ్లు వెండి గనుల్లో వెట్టిచాకిరీకి లాక్కుపోతుంటే తప్పించుకోవడానికి ఈ జనం లోయల లోపలికి లోపలికి జరిగారు. పారిపోవడానికి అప్పుడు ఆధారం కాళ్లే... ఇప్పుడు బతకడానికీ అవే. రారామురి అనే మాటకు 'తేలిక పాదాలవాళ్లు' అని అర్థం చెబుతారు. బయటివాళ్లు తారాహుమారా అంటారు గానీ వాళ్లు తమను తాము పిలుచుకునే పేరు ఇదే.

ఆడవాళ్ల ఆట

పరుగు ఇక్కడ వ్యాయామం కాదు, పండగ. మగవాళ్లు చెక్కతో చెక్కిన బంతిని కాలితో ముందుకు ఎగరేస్తూ, దాని వెంట పరిగెడతారు. ఆ ఆట పేరు రరాహిపారి. ఆడవాళ్లది 'అరివేటా'. నార, గుడ్డపేలికలు చుట్టి చేసిన చిన్న రింగును పొడవాటి కర్రతో తీసి ముందుకు విసరాలి, పరిగెత్తి మళ్లీ అందుకోవాలి, మళ్లీ విసరాలి. గంటల తరబడి సాగుతుంది. ఊరంతా పందేలు కాస్తుంది. డబ్బులే కాదు... గుడ్డలు, దుప్పట్లు, మేకలు కూడా. చీకటి పడితే కాగడాలు పట్టుకుని పక్కనే పరిగెత్తి దారి చూపిస్తారు. పిల్లల తల్లులూ, అమ్మమ్మలూ కూడా ఆడతారు. వేయించిన మొక్కజొన్నల పిండి, పినోలె అంటారు, నీళ్లలో కలుపుకుని తాగి మళ్లీ పరుగందుకుంటారు. మన పేలాల పిండిలాంటిదే.

ఇక ఆ చెప్పులు. వాటి పేరు హ్వరాచె. పూర్వం పచ్చితోలుతో చేసుకునేవారు. కొండల్లోకి లారీలొచ్చాక టైర్లు వచ్చాయి. పారేసిన టైరు మీద పాదం పెట్టి చుట్టూ గీత గీస్తారు. ఆ గీత వెంబడి కత్తితో కోస్తారు. మూడు రంధ్రాలు... ఒకటి బొటనవేలికీ పక్కవేలికీ మధ్య, రెండు మడమకు అటూ ఇటూ. పొడవాటి తోలు వారు వాటిలోంచి దూర్చి చీలమండకు చుట్టి ముడేస్తారు. అంతే! మడమ కింద ఎత్తు లేదు, పాదం వంపు కింద దిండు లేదు, వేళ్లను నొక్కే ముక్కు లేదు. కాలు ఎలా ఉంటే చెప్పు అలా. మన పల్లెల్లో తాతలు తొడిగిన టైరు చెప్పులు గుర్తున్నాయా? ముళ్లు గుచ్చుకోకుండా, అరగకుండా పొలాల్లో ఏళ్ల తరబడి పనికొచ్చినవి. వాటికి బంధువులే ఇవి.

బూట్ల వాళ్లకు ఈ చెప్పుల సంగతి తెలిసింది 1993లో. అమెరికాలోని కొలరాడోలో లెడ్‌విల్ అని వంద మైళ్ల పరుగు ఉంది. అప్పటికి 55 ఏళ్లున్న విక్టొరియానో చురో అనే రారామురి రైతు దాన్ని గెలిచేశాడు. మరుసటేడు హువాన్ హెర్రెరా అనే మరో రారామురి గెలిచాడు. ఒక్కటి మాత్రం మర్చిపోకూడదు. ఆ 1994 పందెంలో అతని వెనకే రెండో స్థానంలో వచ్చింది ఓ మహిళ. అమెరికాకు చెందిన ఆన్ ట్రేసన్. 18 గంటల ఆరు నిమిషాలు. మిగతా రారామురి మగవాళ్లందరూ ఆమె వెనకే. ఆవిడ వేసుకున్నది మామూలు బూట్లే! ఆ మహిళా రికార్డు 2025 దాకా, అంటే 31 ఏళ్లపాటు చెక్కుచెదరలేదు. కాబట్టి చెప్పు మారిస్తే చాలు కాలికి రెక్కలొస్తాయనుకుంటే పొరపాటే.

పుస్తకం పుట్టించిన మోజు

క్రిస్టఫర్ మెక్‌డూగల్ అనే అమెరికా పాత్రికేయుడు రారామురి మీద 'బార్న్ టు రన్' పుస్తకం రాశాడు. 2009లో వచ్చిందది. సరిగ్గా అప్పటికే, చేతి తొడుగులా అయిదు వేళ్లూ విడివిడిగా ఉండే బూట్లను ఇటలీ కంపెనీ విబ్రం అమ్ముతోంది. ఇంకేముంది! 'ఉత్తకాలి బూట్లు' అంటూ పలుచటి అడుగుతో, మడమా వేళ్లూ ఒకే ఎత్తులో ఉండేలా, ముందు భాగం విశాలంగా ఉన్న బూట్లు వరసకట్టాయి. లోయల్లో ఉండే మాన్యుయెల్ లూనా అనే రారామురి దగ్గర చెప్పులు కట్టడం నేర్చుకున్న ఓ అమెరికన్, ఆయన పేరుతోనే లూనా శాండల్స్ అనే కంపెనీ పెట్టేశాడు. లోయలో పాత టైరుతో అయిపోయే పనికి బయట వంద డాలర్ల ధర పలకడం మొదలైంది. ఇదీ లోకం తీరు!

మోజు దిగడానికీ ఎంతోకాలం పట్టలేదు. కాళ్లకు బలం, దెబ్బల నుంచి రక్షణ అంటూ చేసిన ప్రకటనలకు ఆధారాలు చూపించలేదని విబ్రం మీద 2012లో కేసు పడింది. 2014లో, తప్పు ఒప్పుకోకుండానే, 37.5 లక్షల డాలర్లతో కంపెనీ రాజీ చేసుకుంది. మరి ఇందులో నిజమెంత?

నిజం కాస్త ఉంది. కాస్త కాదు, ఎక్కువే ఉంది. కాకపోతే ప్రకటనల్లో చెప్పినట్టు కాదు.

మన పాదంలో 26 ఎముకలు, ముప్ఫైకి పైగా కీళ్లు, వాటిని కదిలించే చిన్నచిన్న కండరాలు. దిండులాంటి బూటులో పెడితే ఆ కండరాలకు పని తగ్గుతుంది. పని తగ్గితే ఏ కండరమైనా ఏమవుతుంది? కట్టు కట్టిన చేయి నెలరోజులకు సన్నబడుతుందే, అలాగే. హార్వర్డ్ ఆచార్యుడు డేనియల్ లీబర్‌మన్ బృందం 2010లో నేచర్ పత్రికలో ఓ పరిశోధన ప్రచురించింది. చిన్నప్పట్నుంచీ ఉత్తకాళ్లతో పరిగెత్తినవాళ్లు ఎక్కువగా పాదం ముందుభాగం మీద అడుగు మోపుతారనీ, బూట్లవాళ్లు మడమను నేలకేసి కొడతారనీ, మొదటి పద్ధతిలో కాలికి తగిలే మొదటి దెబ్బ తక్కువనీ తేల్చింది. అదే విశ్వవిద్యాలయం వాళ్లు రారామురి పురుషుల పాదాలను అమెరికన్ల పాదాలతో పోల్చి 2018లో ఇంకో మాట చెప్పారు. టైరు చెప్పుల పాదాల్లో కొన్ని కండరాలు పెద్దవి, పాదం వంపు గట్టిది. 2021లో బ్రిటన్‌లోని లివర్‌పూల్ విశ్వవిద్యాలయ బృందం మామూలు మనుషులకు ఇలాంటి పలుచటి బూట్లు ఇచ్చి ఆరునెలలు రోజువారీ పనుల్లో వాడమంది. పరుగు లేదు, కసరత్తు లేదు. వేళ్లతో నేలను నొక్కిపట్టే బలం సగటున 57 శాతం పెరిగింది!

మన దగ్గర కూడా ఈ లెక్కలు తీసినవాళ్లున్నారు, అదీ వాళ్లందరికన్నా ముందే. కర్ణాటకలోని మణిపాల్ వైద్యులు యు.బి.రావు, బెంజమిన్ జోసెఫ్ నాలుగు నుంచి పదమూడేళ్లున్న 2,300 మంది పిల్లల పాదముద్రలు తీసుకుని 1992లో ఫలితాలు ప్రకటించారు. చెప్పులు, బూట్లు వేసుకునే పిల్లల్లో చదును పాదాలు 8.6 శాతం. ఉత్తకాళ్లతో తిరిగే పిల్లల్లో 2.8 శాతమే. అందులోనూ ముందు మూసుకుపోయిన బూట్లవాళ్లలో ఎక్కువ. ఒకటో తరగతికి ముందే పిల్లల్ని టై, బెల్టు, నల్ల బూట్లతో బిగించేసే మనం ఓసారి ఆలోచించాల్సిన లెక్క ఇది.

ఆడవాళ్లకే ఎందుకు?

ఎందుకంటే చెప్పుల వల్ల ఎక్కువ బాధపడేది ఆడవాళ్లే కాబట్టి. బూటుకు ముక్కు సన్నగా, మడమ ఎత్తుగా ఉంటేనే అందమని ఎవరో నిర్ణయించారు. అమెరికాలో ఎముకల వైద్యులు 356 మంది మహిళల పాదాలు కొలిచి 1993లో ఫలితాలు చెప్పారు. వాళ్లలో 88 శాతం మంది తమ పాదం కన్నా చిన్న బూట్లే వేసుకుంటున్నారు. 80 శాతం మందికి ఏదో ఒక పాదం నొప్పి. బొటనవేలు పక్కకు వంగిపోయి, మొదట్లో ఎముక గుబ్బలా పొడుచుకురావడం, వేళ్ల మీద ఆనెకాయలు, ముందు పాదంలో మంట... ఇవన్నీ ఇరుకు బూట్లు ఎక్కువ చేసే కష్టాలే. వంశపారంపర్యం కూడా కలిస్తే ఇక చెప్పక్కర్లేదు. రెండేళ్లకు పైగా ఎత్తుమడమల చెప్పులు వాడిన మహిళల పిక్కల్ని స్కాన్ చేస్తే కండరపు పోగులు 13 శాతం పొట్టివైపోయాయని 2010లో ఓ పరిశోధన చెప్పింది. చిన్నదే, పదకొండు మంది మీద చేసింది. అయినా హైహీల్స్ విప్పగానే పిక్కలు లాగుతాయని చెప్పే అక్కలకు కారణం దొరికినట్టే.

అయితే రేపే పాత చెప్పులు పారేసి పలుచటివి కొనేయొద్దు. అక్కడే చాలామంది దెబ్బతిన్నారు. అమెరికాలో పరుగు అలవాటున్నవాళ్లకు అయిదు వేళ్ల బూట్లు ఇచ్చి పది వారాల తర్వాత ఎంఆర్ఐ తీస్తే, 19 మందిలో పదిమందికి పాదాల ఎముకల్లో వాపు కనిపించింది. 2013లో వచ్చిన పరిశోధన ఇది. లొరేనా పాదాలు పుట్టినప్పటి నుంచీ ఆ కొండల మీద గట్టిపడ్డాయి. నలభై ఏళ్లు మెత్తటి చెప్పుల్లో ఉన్న పాదానికి పది వారాలు ఏ మూలకు? ఇంట్లో అరగంట, వీధి చివరి దాకా ఓ వారం, తర్వాత పార్కులో రెండు రౌండ్లు... అలా నెలల మీద పెంచుకుంటూ పోవాలి. ముందు నడక, ఆ తర్వాతే పరుగు. పిక్కలో, పాదం మీద ఒకేచోట నొప్పి వస్తే ఆపేయాలి.

మధుమేహం ఉన్నవాళ్లకు ఇది అసలే కాదు. తిమ్మిరెక్కిన పాదానికి ముల్లు గుచ్చుకున్నా తెలీదు. వాళ్లకు వైద్యులు చెప్పే మెత్తటి ఎంసీఆర్ చెప్పులే దిక్కు. పొద్దున లేచి అడుగు వేస్తే మడమలో సూదులు గుచ్చినట్టుండేవాళ్లూ ముందు వైద్యుణ్ని అడగాలి. 'మేం ఇంట్లో ఎప్పుడూ ఉత్తకాళ్లతోనే ఉంటాంగా, మరి మాకెందుకీ నొప్పులు?' అని ఇల్లాళ్లు అడగొచ్చు. మట్టినేల వేరు, మార్బుల్ బండ వేరు. ఎగుడుదిగుడు నేల మీద ప్రతి అడుగుకూ పాదం ఒక్కోలా వంగుతుంది. బండ మీద వంటింట్లో గంటలకొద్దీ నిలబడితే ఆ వంగడం ఏదీ?

బూట్లు మార్చినా మార్చకపోయినా ఒక్క పని మాత్రం ఈ సాయంత్రమే చేయొచ్చు. తెల్లకాగితం మీద నిలబడి పాదం చుట్టూ పెన్సిలుతో గీయించుకోండి. మీరు రోజూ వేసుకునే చెప్పు దాని మీద పెట్టండి. గీత బయటికి కనిపిస్తోందా? అయితే రోజూ అంత మేర వేళ్లను మడిచి లోపలికి తోస్తున్నారన్నమాట. లోయలో వాళ్లు టైరు మీద గీసే గీత కూడా ఇదే!

మనకు కొత్తేమీ కాదు. ఆషాఢంలో సింహాచలం గిరి ప్రదక్షిణ 32 కిలోమీటర్లు. చీరకొంగు నడుముకు దోపి ఉత్తకాళ్లతో రాత్రంతా నడిచే ఆడవాళ్లను విశాఖలో ఎవర్నడిగినా చెబుతారు. అలిపిరి నుంచి మూడువేల అయిదొందల పైచిలుకు మెట్లు ఎక్కేవాళ్లూ అంతే. కాకపోతే మనది ఏడాదికోసారి. మర్నాడు వేడినీళ్లలో కాళ్లు పెట్టుకుని కూర్చోవడానికి అదే కారణం.

లోయలో అన్నీ పూలే కాదు

ఈ పరుగుల కథలు చదివి రారామురి వాళ్లు ఆనందంగా గెంతుతూ బతుకుతారనుకుంటే తప్పే. లీబర్‌మనే 2020లో ఇంకొందరితో కలిసి రాసిన వ్యాసంలో, వాళ్లను పుట్టుకతోనే అలసట తెలియని మనుషులుగా చూపించడం అపోహ అన్నాడు. పరుగు వాళ్లకు కష్టమే, నొప్పీ ఉంటుంది. లోయల్లో కరవు తరచూ వస్తుంది. 2012లో మొక్కజొన్న పండక ప్రభుత్వం, స్వచ్ఛంద సంస్థలు తిండిగింజలు పంపాల్సి వచ్చింది. కొండల్లో గసగసాలు, గంజాయి పండించే ముఠాలున్నాయి. ఉరీకెలో ఏటా జరిగే పరుగును 2015లో కాల్పుల కారణంగా ఆపేశారు. 2022 జూన్‌లో సెరోకావి అనే ఊళ్లో ఇద్దరు వృద్ధ జెసూయిట్ ఫాదర్లను చర్చిలోనే చంపేశారు. అందుకే బహుమతిగా ఇచ్చే డబ్బూ, మొక్కజొన్న బస్తాలూ అక్కడి ఆడవాళ్లకు సరదా కాదు, ఇంటి ఖర్చు.

2025 జులైలో గ్వాచోచి పట్టణంలో 63 కిలోమీటర్ల లోయల పరుగు జరిగింది. మహిళల విభాగంలో గెలిచినావిడ పేరు కాండెలారియా రీవాస్ రామోస్, వయసు ముప్ఫై. 7 గంటల 34 నిమిషాల్లో పూర్తిచేసింది. కాళ్లకు అవే హ్వరాచెలు. పందెం కన్నా ఆమె పందేనికి వచ్చిన తీరు గురించే పత్రికలు ఎక్కువ రాశాయి. ఊరి నుంచి గ్వాచోచికి ఆమె, భర్త కలిసి పద్నాలుగు గంటలు నడిచి వచ్చారు మరి!

వెళ్లాలనుకునేవాళ్లు బయల్దేరే ముందు ప్రభుత్వాల ప్రయాణ హెచ్చరికలు చూసుకోవాలి. రైలు దారినీ, పేరున్న ఊళ్లనూ వదిలి లోపలికి ఒంటరిగా పోకూడదు. వానలు తగ్గాక, అక్టోబరు నవంబరు నెలల్లో లోయ పచ్చగా ఉంటుంది. ఎల్ చేపె ఎక్స్‌ప్రెస్ లోస్ మోచిస్ నుంచి క్రీల్ దాకా నడుస్తుంది, దారిలో దిగి ఓ రాత్రి ఉండి మళ్లీ ఎక్కొచ్చు. దివిసదేరో దగ్గర కేబుల్ కారు ఉంది, ధైర్యం ఉంటే రెండున్నర కిలోమీటర్ల జిప్ లైనూ ఉంది. స్టేషన్లో రైలు ఆగేది కాసేపే. దేవదారు ఆకులతో అల్లిన చిన్న బుట్టలు ముందు పెట్టుకుని రారామురి మహిళలు కూర్చుని ఉంటారు. గట్టిగా పిలవరు, బతిమాలరు. అడగకుండా ఫొటో తీస్తే వాళ్లకు నచ్చదు. క్రీల్ బజార్లో టైరు చెప్పులూ దొరుకుతాయి. వారు ఎక్కువ పొడుగుంటే భయపడొద్దు, చీలమండకు రెండు చుట్లు చుట్టి కట్టుకోవాలి. మొదట్లో వేళ్ల సందున ఒరుసుకుంటుంది. దూదో పట్టీయో దగ్గరుంచుకోండి.